ఈ నంబరుకి ఒకటి కలిపితే ఏమవుతుంది?

2147483647. చూడ్డానికి ఎవరిదో ఫోన్ నంబరులా ఉంది కదూ! మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. గణితవేత్తలకి ఇదంటే ముచ్చట. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి మాత్రం కాస్త భయం.

పేరున్న కుటుంబం

ముందుగా, ఇది ప్రధాన సంఖ్య. 1తో, తనతో తప్ప దేంతోనూ శేషం లేకుండా భాగించలేం. 31 రెండ్లను గుణించి అందులోంచి 1 తీసేస్తే వచ్చేది ఇదే. ఇలా రెండ్ల గుణకారం నుంచి 1 తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని, 17వ శతాబ్దపు ఫ్రెంచ్ సన్యాసి మెర్సెన్ పేరుతో పిలుస్తారు. 3, 7, 31, 127... ఆ వరుసలో ఇది ఎనిమిదోది.

ఇంకో విశేషం. ఆ 31 కూడా మెర్సెన్ సంఖ్యే! అందుకే దీన్ని డబుల్ మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు. ఇప్పటివరకు తెలిసినవి నాలుగే: 7, 127, ఇది, 39 అంకెలున్న మరొకటి.

ఆయిలర్ చేతి లెక్క

ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చింది ఆయిలర్. అప్పటికే ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 వరకు ఉన్న బేసి సంఖ్యలన్నిటితో, అంటే 23 వేలకు పైగా సంఖ్యలతో భాగించి చూడాలి. ఆయిలర్ మాత్రం, దీనికి కారణాంకం అంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని కనిపెట్టాడు. దాంతో పని 372 భాగహారాలకి దిగింది!

కంప్యూటర్‌కి గోడ

32 బిట్లలో ఒకటి ప్లస్సా, మైనస్సా అని చెప్పడానికి పోతుంది. మిగిలిన 31 బిట్లూ నిండితే వచ్చే అతి పెద్ద సంఖ్య ఇదే. జావాలో 'ఇంట్' వేరియబుల్‌లో దీన్ని పెట్టి 1 కలపండి. -2147483648 వస్తుంది. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం.

2014లో 'గాంగ్నమ్ స్టైల్' వీడియో వ్యూస్ ఈ హద్దు దాటాయి. యూట్యూబ్ తన కౌంటర్‌ని 64 బిట్లకి మార్చుకుంది.

అసలు పరీక్ష 2038 జనవరి 19న ఉంది. చాలా సిస్టమ్స్ టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ రోజు మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి ఆ లెక్క సరిగ్గా ఈ సంఖ్యకి చేరుతుంది. తర్వాతి సెకనుకి, 32 బిట్లలోనే ఉండిపోయిన గడియారం 1901 డిసెంబరుకి వెళ్లిపోతుంది.

ఇంకా చాలా టైముందిలే అనుకోకండి. ఇప్పుడు తీసుకునే 20 ఏళ్ల హోమ్ లోన్ చివరి ఈఎంఐ తేదీ 2038 దాటేస్తుంది. ఆ తేదీని పాత పద్ధతిలో దాచే ప్రోగ్రామ్ ఇప్పుడే తప్పు చూపిస్తుంది.

మార్చగలిగేది ఏది?

ప్రధాన సంఖ్య కాబట్టే ఇది హద్దు అయిందా? కాదు. 64 బిట్ల హద్దు 9223372036854775807ని 7తో భాగించండి, శేషం రాదు. 2147483647 ప్రధాన సంఖ్య అవడం గణిత సత్యం, దాన్ని ఎవరూ మార్చలేరు. అది హద్దు అవడం మాత్రం ఒకప్పుడు మెమరీ పొదుపు కోసం మనుషులు తీసుకున్న నిర్ణయం. దాన్ని మార్చుకోవచ్చు. కోడ్ రాసేవాళ్లయితే, మీ ప్రాజెక్టులో తేదీలు ఎన్ని బిట్లలో ఉన్నాయో ఈ వారమే ఓసారి చూడండి.