జబ్బు తగ్గింది... మరి బరువు?

"కీమో అయిపోయింది కదమ్మా, ఇక బాగా తిని బలం పుంజుకో" అంటుంది అమ్మ. అత్తగారు పాలగ్లాసు తెచ్చి చేతికిస్తుంది. ఆడపడుచు సున్నుండలు చేసి పంపిస్తుంది. బిందె ఎత్తనివ్వరు, చీపురు పట్టనివ్వరు. అంతా ప్రేమే! కానీ ఏడాది తిరిగేసరికి పాత జాకెట్లు ఒక్కటీ పట్టవు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ళ నొప్పులు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే "ప్రాణం దక్కింది, అదే పదివేలు. లావు గురించి బెంగేమిటి?" అంటారు.

రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ చాలామంది స్త్రీలకు ఇది అనుభవమే. పైకి చెప్పుకోరు, అంతే.

లావెందుకవుతారు?

తిండి మీద అదుపు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కీమోథెరపీ వల్ల కొందరికి ముట్లు ముందుగానే ఆగిపోతాయి. దాంతో కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. వాంతులు కాకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆకలి పెంచుతాయి. నీరసంతో నెలల తరబడి పడుకునే ఉంటారు. దిగులు వేసినప్పుడల్లా చెయ్యి డబ్బాల వైపు పోతుంది. కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అలాగని వదిలేయనూ వద్దు. అధిక బరువుతో బి.పి., షుగరు, చెయ్యి వాపు బాధలు పెరిగే ప్రమాదముంది.

మన దేశపు స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది. 155 సెంటీమీటర్ల ఎత్తున్నవారు 55 కిలోలు దాటితే బరువు ఎక్కువ కిందే లెక్క.

పదిహేనేసి మంది, గంటసేపు

అమెరికాలో శాన్ డియేగో, డెన్వర్, సెయింట్ లూయిస్, బర్మింగ్‌హామ్ నగరాల్లో 'ఎనర్జీ' అనే పరిశోధన జరిగింది. దీనికి సారథ్యం వహించినది చెరిల్ రాక్ అనే పోషకాహార శాస్త్రవేత్త. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయి, బరువు ఎక్కువగా ఉన్న 692 మంది స్త్రీలు ఇందులో చేరారు. వారిని రెండు భాగాలు చేశారు. ఒక భాగంవారికి మామూలు సలహాలే ఎక్కువ. రెండో భాగంవారు సుమారు పదిహేనేసి మంది చొప్పున జట్లు కట్టారు. మొదటి నాలుగు నెలలు వారానికోసారి గంటసేపు కలుసుకున్నారు. తరువాత పక్షానికోసారి, ఆపైన నెలకోసారి. మధ్యమధ్య ఫోన్లు చేసి ఎలా ఉన్నారో కనుక్కునేవారు. తిన్నది రాసుకోవడం, బరువు చూసుకోవడం, వ్యాయామం, మనసు జారినప్పుడు ఏం చెయ్యాలో మాట్లాడుకోవడం - ఇదీ పద్ధతి.

2015లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాదికి జట్లలోని స్త్రీలు సగటున 6 శాతం బరువు తగ్గారు. రెండోవారు 1.5 శాతమే. అంటే 75 కిలోల మనిషి జట్టులో ఉంటే నాలుగున్నర కిలోలు, లేకపోతే కిలో పైచిలుకు. బి.పి.లో కూడా మేలు కనిపించింది.

అయితే ఇంకో సంగతీ ఉంది. రెండో ఏడాది చివరికి ఆ 6 శాతం కాస్తా 3.7 శాతానికి వచ్చింది. వారం వారం కలవడం తగ్గాక, తగ్గిన బరువులో కొంత తిరిగి వచ్చేసిందన్నమాట! డైటు కాగితం ఇంట్లో ఉన్నా, "ఈ వారం ఎలా గడిచింది?" అని అడిగే మనిషి ఎదురుగా ఉండాలేమో. కనుక జట్టు కడితే, దాన్ని నిలబెట్టుకోవాలి.

చెయ్యి కదపవచ్చా?

చంకలో గ్రంథులు తీసేసినవారికి చెయ్యి వాస్తుందని భయం. ఆ భయంతోనే చాలామంది కూర్చుండిపోతారు. కాథరిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలి బృందం, అప్పటికే చెయ్యి వాపు ఉన్న 141 మందితో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. కొందరు శిక్షకుల దగ్గర నేర్చుకుని, చిన్న బరువులతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు. వారికి వాపు పెరగలేదు సరికదా, వాపు ముదిరే బాధ తక్కువైంది. మీరు మాత్రం మీ డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టండి.

మన వీధిలో ఎలా?

ఆసుపత్రిలో చెకప్‌కు వెళ్ళినప్పుడు పక్క కుర్చీలో కూర్చున్నావిడను పలకరించండి. నలుగురు దొరికినా చాలు.

* వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. పండగైనా పెళ్ళయినా ఆ గంట తప్పకూడదు.
* ఒకే మిషను మీద బరువు చూసుకోండి. ఒకరి అంకెను మరొకరితో పోల్చవద్దు.
* ఏం తిన్నారో చిన్న నోటుబుక్కులో రాయండి. పిల్లల పళ్ళెంలో మిగిలిందని తిన్నదీ రాయాలి!
* కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పళ్ళు ఉండాలి. మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పో గుడ్డో. తోటకూర పప్పు, పలచని మజ్జిగ మనకు కొత్తవేం కావు.
* నెల నూనె ఒకేసారి కొలిచి విడిగా పెట్టండి. నెల మధ్యలో అయిపోతే ఎక్కడ పోయిందో తెలుస్తుంది.
* రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 150 నిమిషాలకు పెంచండి.
* వారం రాని మనిషికి ఆ సాయంత్రమే ఫోను చెయ్యండి.

వారానికి అరకిలో తగ్గినా ఎక్కువే. కటిక ఉపవాసాలు వద్దు. టామోక్సిఫెన్ వంటి మందులు లావు చేస్తున్నాయని ఎవరో అన్నారని సొంతంగా మానేయవద్దు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతుంటే సంతోషించక వెంటనే డాక్టరుకు చూపించుకోండి. బరువు తగ్గితే జబ్బు ఇక తిరగబెట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆయాసం లేకుండా మెట్లెక్కడం, సొంత పని సొంతంగా చేసుకోవడం చిన్న విషయాలా?

ఇంట్లోవాళ్ళకూ ఒక్క మాట. ఆమెకు బలం రావాలంటే సున్నుండల డబ్బా కన్నా, సాయంత్రం పూట "పద, అలా నడిచొద్దాం" అని చెప్పులు వేసుకునే తోడు ఎక్కువ అవసరం.