పొగనే మండించే పొయ్యి

చుట్టుపక్కల రాలిపడిన ఎండు చితుకులు రెండు గుప్పిళ్లు ఏరుకోవాలి. జానెడు ఎత్తు కూడా లేని స్టీలు డబ్బాలో వాటిని పేర్చి, పైన అగ్గిపుల్ల గీసి అంటించాలి. పది నిమిషాల్లో లీటరు నీళ్లు తెర్లుతాయి. టీ పెట్టుకోవచ్చు, నూడుల్స్ ఉడికించుకోవచ్చు, గుక్కెడు రసం కాచుకోవచ్చు. పని ముగిశాక డబ్బాలో మిగిలేది చెంచాడు బూడిద. గ్యాస్ డబ్బా మోసే పని లేదు. సంచిలో కిరోసిన్ కారుతుందన్న బెంగా లేదు.

వీపున సంచి తగిలించుకుని రోజుల తరబడి కొండలూ అడవులూ నడిచేవాళ్ల మధ్య ఈ బుల్లి కట్టెల పొయ్యికి పదిహేనేళ్లుగా ఆదరణ పెరుగుతూ వచ్చింది. అమెరికాలోని టెక్సస్‌లో పుట్టిన ‘సోలో స్టవ్ లైట్’ బరువు 255 గ్రాములు. కెనడాలో తయారైన ‘బుష్‌బడ్డీ అల్ట్రా’ దాదాపు 145 గ్రాములు. టైటానియం రేకులతో మడతపెట్టుకునేలా చేసిన ‘వార్గో హెక్సాగన్’ అయితే 116 గ్రాములే. అమెరికాలో నాలుగు వేల కిలోమీటర్లు దాటే పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ లాంటి దారిలో నడిచేవాళ్లు టూత్‌బ్రష్ పిడిని కూడా సగానికి కోసుకుంటారు. గ్రాము బరువు తగ్గినా వాళ్లకు లాభమే. వంద గ్రాముల గ్యాస్ పట్టే చిన్న డబ్బా మొత్తం బరువు దాదాపు రెండు వందల గ్రాములు. దానికి బర్నర్ అదనం. గ్యాస్ అయిపోయాక ఖాళీ డబ్బాను కిందిదాకా మోసుకురావాలి. పైగా గ్యాస్ డబ్బాలను విమానంలోకి అనుమతించరు కాబట్టి ఊరుగాని ఊళ్లో దిగాక వాటి కోసం దుకాణాలు వెతకాలి.

అయితే ఈ పొయ్యి ప్రత్యేకత బరువు తక్కువ కావడం ఒక్కటే కాదు. ఇది పొగను బయటికి వదలకుండా దాన్నే మండిస్తుంది.

కట్టె మండుతోందని అంటాం గానీ మంటలో కనిపించేది ఎక్కువగా కట్టెలోంచి పుట్టిన వాయువే. వేడి 250, 300 డిగ్రీలకు చేరేసరికి కట్టె విచ్ఛిన్నమై వాయువులు వెలువడతాయి. ఎండు కట్టె బరువులో ఇంచుమించు 80 శాతం ఇలా ఆవిరి రూపంలో పోతుంది, మిగిలేది బొగ్గు. ఆ వాయువులకు సరిపడా వేడీ గాలీ అందితే మంట వస్తుంది, అందకపోతే పొగగా పైకి పోతుంది. అంటే పొగ కాలకుండా జారిపోయిన ఇంధనం. అది కళ్లు మండిస్తుంది, గిన్నెకు మసి పూస్తుంది, కట్టెలూ ఎక్కువ తినేస్తుంది. దీనికి రుజువు ఎవరైనా ఇంట్లో చూడొచ్చు. కొవ్వొత్తిని ఊది ఆర్పగానే లేచే తెల్లటి పొగ దగ్గరికి వెలిగించిన అగ్గిపుల్ల తెస్తే, మంట ఆ పొగ వెంట కిందికి దిగి వత్తిని మళ్లీ అంటిస్తుంది.

బుల్లి పొయ్యి చేసేదీ ఇదే. దానికి రెండు గోడలుంటాయి. బయటి గోడకు కింద చిల్లులు. వాటిలోంచి లోపలికి వచ్చిన గాలి రెండు దారులు పడుతుంది. కొంత గాలి అడుగున ఉన్న జల్లెడలోంచి కట్టెల్లోకి వెళ్తుంది. మిగతాది గోడల మధ్య సందులోంచి పైకి పాకుతూ వేడెక్కి, లోపలి గోడ అంచు కింద వరసగా ఉన్న చిల్లుల్లోంచి బయటపడుతుంది. కట్టెల్లోంచి లేచిన పొగ సరిగ్గా అక్కడే ఈ వేడి గాలిని కలుస్తుంది, భగ్గుమంటుంది. మొదటి రెండు మూడు నిమిషాలు మామూలు మంటే కనిపిస్తుంది. పొయ్యి బాగా కాగాక ఒక్కో చిల్లులోంచీ ఒక్కో మంట నాలుక లోపలికి సాగుతుంది. ఆ మంటలు కట్టెను అంటుకుని ఉండవు, చిల్లుల దగ్గర గాల్లో నిలబడి మండుతుంటాయి. అప్పటిదాకా కళ్లలోకి కొడుతున్న పొగ దాదాపు మాయమవుతుంది. మొదటిసారి చూసినవాళ్లు గిన్నె పెట్టడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోతారు.

ఇంత చిన్న పొయ్యికి కట్టెలెంత కావాలో లెక్క కట్టడం తేలికే. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లు మరగడానికి 335 కిలోజౌళ్ల వేడి కావాలి. బాగా ఎండిన కిలో కట్టెలో 16 వేల కిలోజౌళ్ల దాకా ఉంటుంది. అందులో అయిదో వంతే గిన్నెకు చేరిందనుకున్నా వంద గ్రాముల చితుకులు చాలు. మూడు రాళ్లు పెట్టి, దుంగలు దూర్చి, రాత్రంతా మండించే చలిమంటతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. పైగా మంట నేలకు తగలదు కాబట్టి గడ్డి మాడి నల్లటి మచ్చ పడదు.

వాడకంలో కిటుకు ముట్టించడంలోనే ఉంది. మన పొయ్యిల్లో నిప్పు కిందినుంచి రాజేస్తాం. ఈ పొయ్యిలో బొటనవేలి లావు పుల్లలు అడుగున, పెన్సిలు లావువి మధ్యన, అగ్గిపుల్లంత సన్నవి పైన పేర్చి, పైనుంచి అంటించాలి. మంట మెల్లగా కిందికి దిగుతుంటే దాని కింద పుట్టిన పొగ మంటలోంచే పైకి రావాలి, వచ్చేటప్పుడు కాలిపోతుంది. పుల్లలు అంచుల్లో ఉన్న చిల్లుల్ని మూసేలా నింపితే మాత్రం అంతా చెడుతుంది. పుల్ల విరిస్తే ‘టప్’మని శబ్దం రావాలి, వంగిందంటే పచ్చిదనం పోలేదన్నమాట. వాన కురిసిన రోజున చేతిమందం కొమ్మను నిలువునా చీల్చితే లోపల ఎండు చేవ దొరుకుతుంది. మన దగ్గరైతే సరుగుడు, తుమ్మ పుల్లలు నిబ్బరంగా మండుతాయి. కొబ్బరి చిప్పల ముక్కలూ, ఎండిన మొక్కజొన్న బెండ్లూ పనికొస్తాయి. గన్నేరు పుల్ల మాత్రం ముట్టుకోకూడదు. ఆ చెట్టు అణువణువూ విషమే, పొగ కూడా.

ఎంత పొగ కాలినా గిన్నె అడుగున కాస్త మసి పట్టడం ఖాయం. విదేశాల్లో నడకకు వెళ్లేవాళ్లు గిన్నె బయటివైపు ముందుగానే సబ్బు రాస్తారు. కట్టెల పొయ్యి మీద గిన్నె ఎక్కించే ముందు అడుగుకు మన్నో బూడిదో పూసే మన అమ్మమ్మలకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ప్రయాణంలో పుల్లలతో నీళ్లు కాచుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో లాక్ కాన్ సరస్సు మీద చేపలు పట్టేవాళ్ల కోసం కెల్లీ కుటుంబం 1890ల నుంచి ఓ వింత కెటిల్ తయారుచేస్తూ వచ్చింది. దాని మధ్యలో పొగగొట్టం, చుట్టూ బోలుగోడలో నీళ్లు. అడుగున గుప్పెడు పుల్లలు వేసి వెలిగిస్తే మంట గొట్టంలోంచి పైకి ఎగబాకుతూ చుట్టూ ఉన్న నీటిని కాస్తుంది. ఎంత గాలి వీస్తే అంత బాగా మండుతుంది. బిరడా తీయకుండా వెలిగిస్తే మాత్రం ఆవిరి ఒత్తిడికి పెను ప్రమాదం. న్యూజిలాండ్‌లో జాన్ హార్ట్ 1929లో ఇలాంటిదే ‘థర్మెట్’ పేరుతో తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారుల్లో పోరాడిన న్యూజిలాండ్ సైనికులకు టీ కాచింది అదే. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ‘బెంఘాజీ బాయిలర్’.

సరదా నడకల సామానుగా కనిపించే ఈ పొయ్యి చరిత్రలో పేదింటి వంటగది కూడా ఉంది. అసలు కథ అదే.

కొలరాడోలో కట్టె వాయువు మీద పరిశోధన చేసిన రసాయన శాస్త్రవేత్త థామస్ రీడ్, పేద దేశాల ఇల్లాళ్లకు పొగలేని పొయ్యి చేయాలని 1985లో పైనుంచి ముట్టించే పద్ధతి మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1996లో రొనాల్డ్ లార్సన్‌తో కలిసి ఆ పొయ్యి మీద పరిశోధన పత్రం వెలువరించాడు. తర్వాత అదే సూత్రంతో, చిన్న ఫ్యాను అమర్చి, క్యాంపింగ్‌కు పనికొచ్చే ‘వుడ్‌గ్యాస్’ పొయ్యి తెచ్చాడు. ఒరెగాన్‌లోని అప్రొవెచో పరిశోధన కేంద్రంలో లారీ వినియార్‌స్కీ 1980ల తొలినాళ్లలో ‘రాకెట్ స్టవ్’కు రూపమిచ్చింది కూడా పల్లె వంటిళ్ల కోసమే.

బయోలైట్ సంస్థది దీనికి తలకిందుల కథ. న్యూయార్క్‌లో జొనాథన్ సెడార్, అలెక్ డ్రమండ్ మొదట తలపెట్టింది క్యాంపింగ్ పొయ్యే. అందులో మంటలోకి చొచ్చుకున్న లోహం తెచ్చే వేడికి ఓ పలక ఒకవైపు వేడెక్కుతుంది, మరోవైపు చల్లగా ఉంటుంది. ఆ తేడా నుంచి కొద్దిపాటి కరెంటు పుడుతుంది. అది ఫ్యాను తిప్పుతుంది, ఫ్యాను మంటలోకి గాలి కొడుతుంది, మిగిలిన కరెంటుతో ఫోను చార్జ్ చేసుకోవచ్చు. తర్వాతి తరం పొయ్యి ఇచ్చేది 3 వాట్లు, బరువు 935 గ్రాములు. నడిచేవాళ్లకు ఎక్కువే. అయితే వంటింటి పొగ ఎంతమందిని బలిగొంటోందో తెలిశాక, ఆ ఇద్దరూ భారత్‌కూ ఆఫ్రికాకూ పనికొచ్చే ఇంటి పొయ్యి మీద దృష్టి పెట్టారు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ వరసలో హైదరాబాదు పేరు ముందే చేరింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి.రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యికి రూపకల్పన చేసి, 1953లో లక్షల ఇళ్లకు పొగలేని వంటగది ఎలా ఇవ్వొచ్చో చెబుతూ పుస్తకం రాశారు. మొన్నమొన్నటి కాలంలో హైదరాబాదుకే చెందిన సాయిభాస్కర్ రెడ్డి కట్టె వాయువుతో మండే పొయ్యిలు రకరకాలుగా రూపొందించి, ఎవరైనా చేసుకునేలా అందరికీ అందుబాటులో పెట్టారు.

ఇలాంటి పొయ్యిలన్నీ నిలబడలేదు. బెంగళూరులోని ఐఐఎస్‌సీ పరిజ్ఞానంతో చమురు సంస్థ బీపీ 2006లో తెచ్చిన ‘ఊర్జా’ పొయ్యిలు దాదాపు నాలుగు లక్షలు అమ్ముడయ్యాయి. పంట వ్యర్థాలతో ప్రత్యేకంగా చేసిన గుళికలే దానికి ఇంధనం. గుళికల ధర పెరిగేసరికి చాలా ఇళ్లలో పొయ్యి మూలన పడింది. ఎంత గొప్ప పొయ్యి అయినా ఇంధనం చేతికందకపోతే వ్యర్థమే. ఏ చెట్టు కింద దొరికిన పుల్లతోనైనా మండడమే నడకవాళ్ల పొయ్యికి ఉన్న బలం.

ఆ బలానికీ హద్దులున్నాయి, అవి గట్టిగానే చెప్పాలి. గ్యాస్ పొయ్యిని మీట తిప్పి క్షణంలో ఆర్పొచ్చు. కట్టెల పొయ్యిని అలా ఆర్పలేం, నిప్పురవ్వ ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎండలు ముదిరి నిప్పుపై ఆంక్షలు పెట్టినప్పుడు మీట ఉన్న గ్యాస్ పొయ్యిలను చాలాచోట్ల అనుమతిస్తారు, పుల్లల పొయ్యిలను ఒప్పుకోరు. వేసవి సెలవుల్లో కాలిఫోర్నియా అడవుల్లో టెంటు వేసే తెలుగు కుటుంబాలు బయల్దేరే ముందే అటవీ శాఖ ఆంక్షలు చూసుకోవాలి. నేపాల్‌లో ఎవరెస్ట్ ఉన్న సాగర్‌మాతా జాతీయ వనంలో ట్రెక్కర్లు కట్టెలు కాల్చడానికి లేదు. నాలుగు వేల మీటర్లు దాటాక చెట్టే ఉండదు, పుల్ల ఎక్కడిది?

మన దగ్గర రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. పొయ్యి చిన్నదన్న మినహాయింపు లేదు. ఫిబ్రవరి నుంచి జూన్ తొలకరి దాకా నల్లమలలో ఆకురాలిన నేలంతా ఎండు గడ్డే. అక్కడ ఈ పొయ్యి సంచిలోంచి బయటికి తీయకూడదు. అనుమతి ఉన్న క్యాంపు స్థలం, పొలం గట్టు, ఏటి ఒడ్డు ఇసుక తిన్నె దీనికి సరైన చోట్లు. చెట్టు మీది కొమ్మ విరవకూడదు. రాలిన పుల్లల్లోనూ అన్నీ ఒకేచోట ఊడ్చేయకుండా తలో చోటా కొంచెం ఏరుకోవాలి, పురుగూ పుట్రా బతికేది వాటి కిందే. వాన పడుతోందని టెంటులోకి తీసుకెళ్లడం ప్రాణాంతకం. మంట ఆరినా కణకణలాడే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

కొనదలచినవాళ్లు ముందుగా చూడాల్సింది గోడలు రెండున్నాయా అని, అంచు కింద చిల్లులు వరసగా ఉన్నాయా అని. అడుగు చదునుగా నేలకు తాకుతూ ఉంటే కింద ఓ రాతి పలక పెట్టుకోవాలి. మడత పొయ్యిల్లో చాలావాటికి ఒకే గోడ, కాబట్టి పొగ కాస్త ఎక్కువే, కానీ సంచిలో పలచగా ఇమిడిపోతాయి. తిరుగు ప్రయాణమయ్యే ముందు బూడిద మీద నీళ్లు చల్లి, చేత్తో తాకి చల్లారిందని చూసుకున్నాకే పొయ్యిని గుడ్డసంచిలో వేయాలి.