బరువు తగ్గవలెను, బలము తగ్గరాదు

ఆకలిని మందగింపజేయు సెమాగ్లూటైడ్ సూదిమందు స్థూలకాయ చికిత్సకై 2025లో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. అయితే దీనివలన తగ్గునది కొవ్వు మాత్రమే కాదు. 2021లో వెలువడిన పరిశోధనలో, తగ్గిన బరువునందు సుమారు 40 శాతము కొవ్వు కాని భాగమని తేలినది. అందులో కండయు కలదు. కండ క్షీణించినచో వృద్ధులకు లేచుటయే కష్టమగును. పడిపోవు ప్రమాదము హెచ్చును.

నివారణోపాయములు రెండు. తినగలిగినది కొద్దియే గనుక, మాంసకృత్తులు గల పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు ముందుగా తినవలెను. మూత్రపిండ వ్యాధి కలవారు వీని మోతాదును వైద్యుని అడిగి తెలిసికొనవలెను. వారమునకు కనీసము రెండు దినములు బరువులెత్తుట, చేతులూనక కుర్చీనుండి లేచి కూర్చుండుట వంటి వ్యాయామము చేయవలెను. నడక ఒక్కటే చాలదు.

వైద్యుని చీటి లేనిదే ఈ మందు వాడరాదని పంచాయతీ సభ్యులు గ్రామస్థులకు బోధింపవలెను.