మాత్ర మానుటకు ముందొక మాట



వంట, కుట్టుపని, శిశుపోషణము మున్నగు విషయములను మనము నిస్సంకోచముగా ముచ్చటించుకొందుము. సంతానమును పరిమితము చేసికొనుటకు వాడు మందుల ప్రసంగము వచ్చినప్పుడు మాత్రము స్వరము తగ్గింతుము; లేదా మాట మార్చుదుము. అట్టి మౌనమువలన మా యింట జరిగిన సంగతిని, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును మీ ముందుంచ సాహసించుచున్నాము.

మాకు రెండవ కాన్పయి యేడాది గడచిన పిదప, ఇద్దరు పిల్లలు చాలునని మా వారును మేమును నిశ్చయించుకొంటిమి. ఆపరేషనునకు మనస్సొప్పలేదు. ఆశా కార్యకర్త తెచ్చియిచ్చిన మాత్రలు మొదలిడితిమి. మొదటి నెలలో వికారము. రెండవ నెలలో తలనొప్పి. ఆ నొప్పికి ముందు కన్నుల యెదుట మెఱపుతీగలవంటి వంకరగీతలు కదలాడుచుండెడివి. “వేడి చేసినదమ్మా, మజ్జిగ త్రాగుము” అని అత్తగారనిరి. మేము ఒకనాడు మాత్రల అట్టను బియ్యపు డబ్బా వెనుకకు త్రోసి ఊరకుంటిమి. తలనొప్పి తగ్గినది. సంతోషించితిమి. మానితిమని మా వారికిని చెప్పలేదు, కార్యకర్తకును చెప్పలేదు. మూడవ మాసమున నెల తప్పినది.

ఆ చిన్నది నేడు మా యొడిలోనే ఆడుచున్నది. దానిని ప్రాణమునకంటె మిన్నగా చూచుకొందుము. కాని యా కాన్పునాటికి మా నెత్తురు 8 గ్రాములకు పడిపోయినది. ఆరు నెలలు బిడ్డ నెత్తుకొని నాలుగడుగులు వేయలేకపోతిమి. పెద్దవాని చదువునకై దాచిన సొమ్ము ఆసుపత్రి పాలైనది.

అప్పుడు వైద్యురాలితో పాత తలనొప్పి సంగతి మొదటిసారిగా చెప్పితిమి. మెఱపుగీతల మాట వినగానే ఆమె కలము క్రింద పెట్టి, “ఇది అప్పుడే యెందుకు చెప్పలేదమ్మా?” అని యడిగిరి. మేము వాడినది రెండు హార్మోనులు కలిసిన మాత్ర. అందలి ఈస్ట్రోజను నెత్తురు గడ్డకట్టు గుణమును కొంత హెచ్చించును. కంటి యెదుట మెఱపులతో వచ్చు పార్శ్వపు తలనొప్పి గలవారికి ఈ మాత్రవలన పక్షవాతపు భయము పెరుగును గనుక వారు దానిని ముట్టనే కూడదట. మేము మానుట మంచిదే యైనది. మానిన చోట మఱియొక సాధనము నుంచుకొనకపోవుటయే కీడైనది.

మన ప్రాంతమున ఈ విషయములు తెలియకపోవుటకు కారణము లేకపోలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వివాహితలలో పదింట ఇంచుమించు ఏడుగురు ఆపరేషను చేయించుకొన్నవారే. తెలంగాణమున పదింట ఆరుగురు. ఇక మాత్రలు మింగిన అనుభవము అత్తకు లేదు, అమ్మకు లేదు. కోడలికి వికారము పుట్టిన యెడల సలహా చెప్పు పెద్ద దిక్కు ఇంటిలో నుండదు.

స్త్రీలు చెప్పుకొన్న బాధలు వ్యర్థము కావనుటకు ఈ మాత్ర చరిత్రయే సాక్ష్యము. 1956లో ప్యూర్టోరికో ద్వీపమున దీనిని మొదట విరివిగా పరీక్షించిరి. అచ్చటి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, నూటికి పదునేడుగురు వికారము, తలతిరుగుడు, తలనొప్పి మున్నగువానితో బాధపడుచున్నారని వ్రాసి తెలిపినది. పైవారు ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చిరి. 1960లో అమెరికాలో అనుమతి పొందిన ఆ తొలి మాత్రలో ఈస్ట్రోజను జాతి మందు 150 మైక్రోగ్రాములుండెను. 1970లో అమెరికా సెనేటు సభలో విచారణ జరిగి, అటుపిమ్మట మాత్రల పెట్టెలో హెచ్చరిక కాగితము నుంచు నియమము వచ్చినది. నేడు మన ప్రభుత్వము ఉచితముగా నిచ్చు మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రోజను 30 మైక్రోగ్రాములే.

అయినను ఒక్కటే మందు అందఱి దేహములకు సరిపడదు. కొంచెము వికారము, రొమ్ముల సలుపు, నడుమ నడుమ నెత్తుటి మచ్చలు — ఇవి మొదటి రెండు మూడు నెలలలో సాధారణముగా సర్దుకొనును. మాత్రను రాత్రి భోజనానంతరము వేసికొన్నచో వికారము తగ్గుటయు కలదు. మూడు నెలలు దాటినను తగ్గనియెడల మఱియొక సాధనమునకు మారవచ్చును. కాని హఠాత్తుగా ఱొమ్మునొప్పి, ఆయాసము, ఒక కాలి పిక్క వాచి నొచ్చుట, చూపు మందగించుట, భరింపరాని తలనొప్పి కలిగినచో ఒక్క దినమైనను ఆగక మాత్ర మాని ఆసుపత్రికి పోవలెను. రక్తపుపోటు గలవారును, ఆరు నెలలు నిండని చంటిబిడ్డకు పాలిచ్చు తల్లులును ఈ జంట హార్మోను మాత్రల జోలికి పోకుండుట మేలు. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు కొన్ని మందులు మాత్ర బలమును తగ్గించును గనుక, అట్టివి వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

మా తోడికోడలి కథ వేఱు. ఆమె అంతర అను సూదిమందు వేయించుకొన్నది. 2017 మొదలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా దొరకుచున్న యీ సూదిమందు మూడు నెలల కొకమారు వేయుదురు. ఇందు ఈస్ట్రోజను లేదు. మొదట వారముల తరబడి మచ్చలు కనబడినవి. రెండవ సూది పిదప ముట్టు నిలిచిపోయినది. “చెడురక్తము లోపల నిలిచినది, కడుపులో గడ్డ కట్టును” అని ఇరుగుపొరుగువారు బెదరించిరి. అది వట్టి మాట. గర్భాశయపు లోపొర పెరుగకుండుటచే స్రావమే తయారగుట లేదు. నిలిచియుండుట కేమియు లేదు. అయినను దినదినమును భయపడుచు బ్రతుకుటేల? పైగా ఆమెకు ఇంకొక బిడ్డ కావలెనను కోరిక కలదు. ఈ సూది మానిన పిదప గర్భము నిలుచుటకు పలువురికి తొమ్మిది పది నెలలు పట్టును. ఈ సంగతులన్నియు నర్సుతో మాటలాడి ఆమె ఛాయ మాత్రకు మారినది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున కనుగొన్న యీ మాత్ర హార్మోను కాదు. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, తరువాత వారమునకొకటి. పాలిచ్చు తల్లులును వాడవచ్చును. ముట్టు కొంత ఆలస్యమగుట దీని స్వభావము.

మార్పులో ముఖ్యముగా తెలిసికొనవలసినది నడుమ ఖాళీ లేకుండుట. మాత్రనుండి మాత్రకు మారువారు పాత అట్ట ముగిసిన మఱునాడే క్రొత్తది మొదలిడవలెను. మాత్రనుండి సూదికి మారువారు మాత్ర వేసికొనుచుండగనే సూది వేయించుకొనవలెను. సూదినుండి మారువారు తరువాతి సూది వేయవలసిన దినమునకు ముందే క్రొత్త సాధనమును సిద్ధపఱచుకొనవలెను. ఎచ్చటనైనను సందేహమున్నచో అంతవరకు పురుషుల తొడుగు వాడవలెను. మేము మా నెత్తురు పుంజుకొనువఱకు ఆ భారమును మా వారు వహించిరి. తరువాత కాపర్-టి పెట్టించుకొంటిమి. అందు హార్మోను లేదు. 380ఏ రకము పదేండ్లు పనిచేయును. మొదటి నెలలలో ముట్టు ఎక్కువగా వచ్చి, కడుపునొప్పి యుండునని ముందే చెప్పిరి గనుక ఓర్చుకొంటిమి. నాలుగవ నెలకు తగ్గినది.

ఇంకొక మాట. చెలికత్తెకు సరిపడినదని ఆమె మాత్రను అడిగి తెచ్చుకొనుట తగదు. అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో ముచ్చటించుచు, మందులతో భర్తలను వశపఱచుకొనబోయి వారిని రోగులను జేసిన స్త్రీలను గూర్చి హెచ్చరించినది. తెలియని మందు ఎంత ప్రేమతో నిచ్చినను తెలియనిదే కదా! మన రక్తపుపోటు, మన తలనొప్పి, మన చంటిబిడ్డ వయస్సు చెలికత్తె మాత్రకు తెలియవు.

సోదరీమణులారా! ఒక మందు పడనియెడల మీరు ఓడినట్లు కాదు, మీ దేహము చెడినట్లును కాదు. ఏ దినమున ఏ బాధ కలిగినదో పిల్లల పాత పుస్తకములో నొక మూల వ్రాసియుంచుకొనుడు. దానిని తీసికొని, వీలైనచో భర్తను వెంట నిడుకొని ఆరోగ్య కేంద్రమునకు పొండు. మొదట చెప్పుడు, పిదప మార్చుకొనుడు. మా అట్ట బియ్యపు డబ్బా వెనుక చేరినట్లు మీ అట్ట చేరకుండుగాక!