బేరం ముఖాముఖి... బయానా కాగితాలు చూశాకే!

కాయకష్టం చేసి కూడబెట్టిన సొమ్ము సింగరేణి కార్మికుని చేతికి ఒక్కసారిగా వచ్చేది పదవీ విరమణ నాడే. గ్రాట్యుటీ, పి.ఎఫ్. వస్తాయి, కంపెనీ క్వార్టరు మాత్రం ఖాళీ చేయవలసి ఉంటుంది. సొంత ఇంటి కోసం తొందర అక్కడే మొదలవుతుంది. ఆ తొందర గోదావరిఖని మధ్యవర్తులకు బాగా తెలుసు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, ఇప్పుడే బయానా ఇచ్చేయండి" అన్న మాట వినని వారు మా మొహల్లాలో తక్కువ.

మధ్యవర్తిత్వం నిషిద్ధమైన పని కాదు. దలాలీ కూలిని గురించి ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహ్ అలైహ్) తమ హదీసు గ్రంథంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంచారు. అయితే ఆ కూలి ఎంతో, ఎవరిస్తారో ముందే తేలాలి. యజమాని పన్నెండు లక్షలు అడిగితే కొనేవారికి పద్నాలుగని చెప్పి, మధ్యలోని రెండు లక్షలు గుట్టుగా మిగుల్చుకోవడం కూలి కాదు, ఖియానత్. దీనికి విరుగుడు ఒక్కటే. ధరను యజమాని నోటి నుంచే వినాలి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోనివ్వని మధ్యవర్తిని వదులుకోవడమే మేలు.

మనం ధర చెప్పే ముందు ఆ గల్లీలో ఈమధ్య అమ్ముడైన ఇళ్లు గజం ఎంతకు పోయాయో ఇరుగుపొరుగును అడగాలి. మన దగ్గరున్న మొత్తం ఎంతో మధ్యవర్తికి చెప్పకూడదు. చెబితే బేరం అక్కడికే వచ్చి ఆగుతుంది. ఇల్లు పగటి వెలుతురులో చూడాలి. ఓపెన్‌కాస్టు గనుల దగ్గరి బస్తీల్లో పేలుళ్లకు గోడలు బీటలు వారుతున్నాయని జనం మొరపెట్టుకోవడం కొత్త కాదు. కొత్త సున్నం వెనుక బీటలుంటే మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమని అడగవచ్చు. లోపం దాచకుండా చెప్పడం అమ్మేవారి బాధ్యత. నిజం పలికిన బేరంలో బర్కత్ ఉంటుందని, దాస్తే అది తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) బోధించారు.

ఇక కాగితాల సంగతి. ఇంటి నెంబరు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఉన్నంత మాత్రాన ఇల్లు అమ్మేవారిదైపోదు. బొగ్గు బెల్టులో ఎన్నో ఇళ్లు తెల్లకాగితం మీద, నోటరీ మీద చేతులు మారాయి. సింగరేణి భూముల్లో కట్టుకున్న ఇళ్లను క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం 2019లో జీవో 76 తేవలసి వచ్చింది. కనుక నేల ఎవరిది, పట్టా వచ్చిందా, వస్తే అమ్మే హక్కు ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. జీపీఏ మీద కొన్నంతలో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఈసీ తప్పక తీయించాలి. కానీ తెల్లకాగితం అమ్మకాలు ఈసీలో కనిపించవు. అందుకే లింకు దస్తావేజులన్నీ వరుసగా వకీలుకు చూపించాలి.

మన కుటుంబాల్లో మరొకటి ముఖ్యం. తండ్రి మరణించాక ఇల్లు కొడుకు ఒక్కడిదే కాదు. తల్లికి, అక్కాచెల్లెళ్లకు దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన వాటాలున్నాయి. వారు సంతకం చేయని ఇల్లు కొంటే వారి వాటా మనకు రాదు. రేపు కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. అంతకంటే పెద్దది, అన్యాయంగా తీసుకున్న హక్కుకు ఆఖిరత్‌లో జవాబు చెప్పుకోవడం.

ఇవన్నీ చూశాకే బయానా. అది యజమాని చేతికే, వీలైతే బ్యాంకు ద్వారా ఇచ్చి, మొత్తం ధర, మిగతా సొమ్ముకు గడువు, కాగితాల్లో తేడా వస్తే బయానా వాపసు అన్న షరతు రాయించి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. అప్పు లావాదేవీని రాసి ఉంచమని ఖుర్ఆన్ (2:282) ఆదేశిస్తున్నది. బంధువుల మధ్య కూడా రాతకోతలు అపనమ్మకం కావు.

కొనేవారికీ ఒక హద్దుంది. మరో సోదరుని బేరం కుదిరాక పైసలు ఎక్కువిస్తామని దాన్ని చెడగొట్టరాదు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే వేలంపాట ('నజష్') కూడా నిషిద్ధమే. ఇంట్లో ఆడపిల్ల పెళ్లికో, జబ్బుకో అమ్ముకుంటున్న వారి అవసరం చూసి సగం ధరకు లాగడం తెలివి అనిపించుకోదు.

ముప్ఫై ఏళ్లు గనిలో చెమటోడ్చి సంపాదించిన సొమ్ముకు ముప్ఫై రోజుల విచారణ ఎక్కువేమీ కాదు. ఈ ఇల్లు చేజారితే మరో ఇల్లు దొరుకుతుంది, సొమ్ము చేజారితే దొరకదు. హలాల్ సొమ్ముతో, నిక్కమైన కాగితంతో కొన్న ఇంట్లో అల్లాహ్ అందరికీ సుఖశాంతులు ప్రసాదించుగాక! ఆమీన్.