ఆ ఒక్క రాత్రిలో జానుకి ఏం దొరికింది?

తొలిప్రేమ కథలంటే మనకి ఇష్టం. అవి పెళ్లిదాకా వెళ్లకపోతే మరీ ఇష్టం! హాయిగా మూడు ముళ్లూ పడిన జంటలు సినిమా హాలు దాటగానే మనసులోంచి జారిపోతాయి. విడిపోయి, ఏళ్ల తర్వాత ఎదురుపడి, మాట పెగలక నిలబడిపోయినవాళ్లే గుర్తుంటారు. ఎందుకంటారు?

1953 నాటి ‘దేవదాసు’నే తీసుకోండి. చివరి ఊపిరితో దేవదాసు పార్వతి ఇంటి ముందుకి చేరతాడు. అతనెవరో తెలిసి ఆమె పరుగు తీస్తుంది. బయటికి రాకుండానే తలుపులు మూసేస్తారు. మా అమ్మ తరం ఆడవాళ్లు దేవదాసు చావుకి ఎంత ఏడ్చారో, ఆ మూసిన తలుపులకీ అంతే ఏడ్చి ఉంటారని నాకనిపిస్తుంది.

ఆ తలుపు కాస్త తెరిచిన సినిమా, 2018లో తమిళంలో వచ్చిన ‘96’. త్రిష, విజయ్ సేతుపతి నటించారు. దర్శకుడు ప్రేమ్‌కుమార్ దాన్నే 2020లో సమంత, శర్వానంద్‌లతో ‘జాను’గా తెలుగులో తీశారు. బడిలో ఇష్టపడిన రామ్, జాను ఏళ్ల తర్వాత పాత విద్యార్థుల కలయికలో కలుస్తారు. ఆమెకి పెళ్లయింది, పాప ఉంది. అతను పెళ్లి చేసుకోలేదు. తెల్లారితే ఆమె సింగపూర్ విమానం ఎక్కాలి. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి.

ఆ రాత్రి వాళ్లేం చేస్తారు? మాట్లాడుకుంటారు, అంతే! కాలేజీ రోజుల్లో తనని చూడటానికి వచ్చింది రామ్ అని జానుకి అప్పుడే తెలుస్తుంది. ఇంకెవరో అనుకుని ఆమే వెనక్కి పంపేసింది. చిన్న పొరపాటు, రెండు జీవితాలు! బడిలో అతను ఎన్నిసార్లు అడిగినా పాడని పాటని ఆ రాత్రి పాడుతుంది.

టీవీలో ఈ సినిమా వచ్చినప్పుడు మా వదిన నా పక్కనే కూర్చుంది. పాట అయ్యేసరికి కళ్లొత్తుకుంటోంది.

“ఏడుస్తున్నావా వదినా?” అన్నాను.

“ఏడుపేమిటే! ఆ పిల్లకి జవాబు దొరికింది. అందరికీ దొరుకుతుందా?” అంది.

ప్రశ్నేమిటని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పక్క గదిలో అన్నయ్య పేపరు చదువుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల కాపురం, ఏ లోటూ లేదు. అయినా ఆ మాట గట్టిగా అనలేకపోయింది చూశారా, నాకు బాధ కలిగింది అక్కడే.

మగవాడు తొలిప్రేమ గురించి నలుగురిలో చెప్పుకుంటే అందరూ నవ్వి భుజం తడతారు. అదే మాట ఇల్లాలి నోట వస్తే, కాపురంలో ఏదో తేడా ఉందంటారు.

‘జాను’లో భర్త మనకి కనబడడు కాబట్టి కథకి ఆ ఇబ్బంది లేదు. 2023లో వచ్చిన ‘పాస్ట్ లైవ్స్’లో భర్త ఇంట్లోనే ఉంటాడు. పన్నెండేళ్ల వయసులో సియోల్‌లో విడిపోయిన స్నేహితుడు, ఇరవై నాలుగేళ్లకి న్యూయార్క్‌లో ఉన్న నోరాని చూడటానికి వస్తాడు. అతన్ని కారెక్కించి వచ్చి, నోరా భర్తని పట్టుకుని భోరున ఏడుస్తుంది. అతను ఆమెని దగ్గరికి తీసుకుంటాడు, అంతే. సంజాయిషీ అడగడు.

ఈ ఇద్దరూ కాపురం వదిలి వెళ్లలేదు. వాళ్లకి కావలసింది అతని చెయ్యి కాదేమో! ఒకప్పుడు తను ఎలా ఉండేదో తెలిసిన మనిషితో ఒక్కసారి మాట్లాడటం. భార్య, అమ్మ, కోడలు అనే పిలుపులు రాకముందు ఒక అమ్మాయి ఉండేదని గుర్తు చేసుకోవడం.

ఇప్పుడు పదో తరగతి వాట్సాప్ గ్రూపుల్లో పాత పేర్లు చటుక్కున కనబడుతున్నాయి. పలకరించే ముందు ఒక్క క్షణం ఆగి, మనకి కావలసింది ఆ మనిషా, ఆ జవాబా అని అడిగి చూసుకుందాం. జవాబే అయితే ఒక పలకరింపు చాలు. మనిషే అయితే, కథ విమానాశ్రయంలో ఆగినట్టు జీవితం ఆగదు.

ఏదైనా సరే, జ్ఞాపకం ఉన్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. అంతవరకూ మా వదినలాంటి వాళ్లు తలెత్తుకునే ఉండొచ్చు.