కాలేజీ విద్యార్థులు - చేసి నేర్చుకొనే సంస్కృతి

మన మారిషస్ పిల్లలు తెలుగు పరీక్షలలో మంచి మార్కులే తెచ్చుకుంటున్నారు. ఉగాది ఏ మాసంలో వస్తుందంటే టక్కున చెబుతారు. కాని రామభజనం జరిగే ఇంటికి పంపితే గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. ఎవరికి నమస్కరించాలో, ఏ పని అందుకోవాలో తెలియదు. తప్పు వారిది కాదు. సంస్కృతిని మేమే వారికి పాఠంగా చెప్పాము గాని పనిగా అప్పగించలేదు.

చేసి నేర్చుకోవడం కొత్త మాట కాదు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1938లోనే దీనిని గురించి గ్రంథం వ్రాశారు. ప్రతి అనుభవమూ విద్య కాదని హెచ్చరించినదీ ఆయనే. ఆ హెచ్చరికను మేము మొదట పట్టించుకోలేదు. పిల్లలను బస్సులో పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు తీసుకొనిపోయాము. 1834 మొదలు 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది కూలీలు దిగిన చోటు అది. పదహారు మెట్ల మీద ఫోటోలు తీయించుకున్నారు, సాయంత్రానికి ఇల్లు చేరారు. అంతే.

తరువాత పద్ధతి మార్చాము. ఇప్పుడు ప్రతి విద్యార్థి తన కుటుంబంలో మొదట ఓడ దిగిన మనిషిని తానే వెదకాలి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక నంబరు. ఆ నంబరు చేరడానికి తన జనన పత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం, తాతలది, ముత్తాతలది, ఇలా వెనుకకు నడవాలి. ఎక్కడో ఒకచోట గొలుసు తెగుతుంది. గుమాస్తా తన చెవికి వినబడినట్టు వ్రాసుకున్న పేరు మరొక కాగితంలో వేరే అక్షరాలతో ఉంటుంది. అప్పుడు నాన్నమ్మ దగ్గర కూర్చోక తప్పదు.

అసలు చదువు అక్కడే. మనవారిని తమిళ సోదరులతో కలిపి మద్రాసువారని లెక్కించారు. ఆ లెక్కలలో తెలుగు విడిగా కనబడదు. కాని సన్యాసి, అప్పలస్వామి, నూకమ్మ అన్న పేర్లు కనబడితే? సింహాచలం అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మల పేర్లు బిడ్డలకు పెట్టుకొనేది ఎక్కువగా విశాఖపట్నం ప్రాంతంవారే. చాలా కుటుంబాలలో ఓడ దిగినవాని సొంత పేరే తరువాతివారికి ఇంటిపేరయింది. ఇంటిలో అప్పన్న పూజ ఎందుకు చేస్తారో రిజిస్టరులోని పేరు చెబుతుంది. ఆ పేరు ఎవరిదో నాన్నమ్మ చెబుతుంది. క్రియోల్‌లో మొదలయిన ముచ్చట నడుమ పాఠ్యపుస్తకంలో లేని తెలుగు మాటలు దొర్లుతాయి. వాటిని వ్రాసుకొని రమ్మంటాము.

భజనానికి కూడ ఇప్పుడు చూడడానికి పంపడం లేదు. కూరలు తరగడం, ఆకులు వెయ్యడం, దీపంలో నూనె తగ్గకుండా రాత్రంతా కనిపెట్టి ఉండడం వారి వంతు. క్రియోల్, ముస్లిం కుటుంబాల సహాధ్యాయులను కూడ వెంట తెచ్చుకోమన్నాము. దీపం చుట్టూ ఎందుకు తిరుగుతారని ఆ స్నేహితుడు అడిగితే మనవాడు తెల్లమొహం వేసి పెద్దవారి దగ్గరకు పరుగెత్తుతాడు. మా పాఠాలకంటె ఆ పరుగే మేలనిపించింది, ఒప్పుకోవడానికి కొంచెం కష్టమయినా. మరునాడు అరగంట కూర్చోబెట్టి ఏమి చేశారో, ఏది అర్థం కాలేదో చెప్పిస్తాము. ఆ అరగంట లేకపోతే మిగిలేది నిద్రమత్తే.

అందరికీ నంబరు దొరకలేదు. ఒక అమ్మాయి ముత్తాతల వివాహ పత్రం దగ్గరే ఆగిపోయింది. 1960 నాటి కారోల్ తుఫానులో ఇంటి కప్పుతో పాటు పెట్టెలోని కాగితాలు కూడ పోయాయట. ఆమె ఆ సంగతే వ్రాసి ఇచ్చింది: ఎవరిని అడిగినదీ, ఎవరికి ఏమి జ్ఞాపకమున్నదీ వరుసగా. మీ ఇండ్లలో అటువంటి పత్రాలు మిగిలి ఉంటే, చిరిగినవయినా సరే, పిల్లలను పిలిచి చూపించండి.